నేను వెళ్ళని మంగళవారాలు

అక్టోబరు నెల రెండో బుధవారం, ఉదయం పదిన్నర గంటలకు ఇది మొదలైంది. నేను అప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఫిజిక్స్ క్లాసు ముగించుకుని మెట్లు దిగుతుండగా శ్రావణ్ ఎదురయ్యాడు.

"నిన్న రాలేదేంది? సార్ రెండుసార్లు అడిగిండు," అన్నాడు.

ముందుగా ఒక మాట. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ లేదు. కొలిచి చూడలేనిదాన్ని ఒప్పుకోవద్దని నేర్పే చదువు నాది. అందుకే జరిగినదానికి నా వ్యాఖ్యానం చేర్చకుండా రాస్తున్నాను.

శ్రావణ్ వరంగల్ నుంచి అమెరికాకు పైచదువుకు వచ్చినవాడు. మా ఫిజిక్స్ ప్రొఫెసర్‌గారి వద్ద హోంవర్కులు దిద్దేవాడు. ఆయన గదిలోనే ఒక మూల అతని బల్ల. అతన్ని క్లాసులో దూరం నుంచి చూడటమే తప్ప అంతవరకు నేను పలకరించి ఎరుగను. ఎక్కడికి రాలేదంటున్నారని అడిగాను.

"మంచిగ అడుగుతున్నవ్. మంగళారం మంగళారం మూడింటికొచ్చి నా పక్కన కుర్చీ గుంజుకుని కూసుంటవ్ గదా. చెయ్యి తగ్గిందా?"

సెప్టెంబరులో కుక్కర్ తగిలి నా ఎడమ అరచెయ్యి కాలింది. అమ్మ పసుపు రాసి గుడ్డ కట్టింది. ఆ కట్టును అతను క్లాసులో చూసి ఉండవచ్చు. కానీ ఆ గదిలో నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో చెప్పాలి. ప్రొఫెసర్లు వారానికి కొన్ని గంటలు తలుపు తెరిచి కూర్చుంటారు. విద్యార్థులు వెళ్ళి సందేహాలు అడగవచ్చు. ఇక్కడ ఇది అందరికీ తెలిసిన పద్ధతి. నాకు తెలియదు. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవారు లేరు. నరసరావుపేటలో ఎనిమిదో తరగతి వరకు నేను చదివిన బడిలో, హెడ్మాస్టర్ గదికి వెళ్ళేది తప్పు చేసినవాళ్ళే. ఆ తెరిచిన తలుపు కూడా అటువంటివాళ్ళ కోసమే అనుకున్నాను. మొదటి పరీక్ష తప్పిన తరువాత ఆ వరండాలోంచి నడవటం కూడా మానేశాను. ఫిజిక్స్ పోతే ఇంజనీరింగ్‌లో నా సీటు పోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నా పేరుతో ఎవరో ఆ గదికి వెళ్తున్నారన్నది నాకు వచ్చిన మొదటి అనుమానం. అది హారిక మీదికి పోయింది. క్లాసులో నేను కాక ఉన్న తెలుగమ్మాయి ఆమె ఒక్కతే. పుట్టింది, పెరిగింది ఈ దేశంలోనే, ఆష్‌బర్న్‌లో. మా ఇద్దరిలో ఎవరు ఎవరో తెలియక చాలామంది తికమకపడేవారు. ఆమెనే నేరుగా అడిగాను.

"డ్యూడ్, నా డౌట్స్‌కే నేను వెళ్ళను. నీ డౌట్స్‌కి వెళ్తానా?" అంది హారిక. "నీలా యాక్ట్ చేయాలంటే ముందు రోజూ తల దువ్వుకోవాలి. అంత ఓపిక లేదు నాకు."

ఆమె నవ్వినా నేను నవ్వలేదు. మంగళవారం మూడింటికి ఆమెకు కెమిస్ట్రీ ల్యాబ్. ఆమె మాట నమ్మక ఆమె జట్టులోని మరో అమ్మాయిని కూడా అడిగాను. హారిక ఒక్క ల్యాబ్ కూడా మానలేదట.

తరువాత శ్రావణ్‌ను అనుమానించాను. జూనియర్లను ఆట పట్టించడం మనవాళ్ళకు కొత్త కాదు. చివరికి నన్ను నేనే అనుమానించి, మంగళవారాలు మూడింటికి నేను ఎక్కడ ఉన్నానని అమ్మను అడిగాను. మేముండే ఇర్వింగ్‌లో అమ్మ పనిచేసే ఇండియన్ గ్రోసరీలోనే వారంలో కొన్ని పూటలు నేనూ పనిచేసేదాన్ని.

"మంగళవారం కూరగాయల ట్రక్కు వచ్చే రోజు. నువ్వు లేకపోతే ఆ బెండకాయ పెట్టెలు ఎవరు దించారే, మీ నాన్నా?" అంది అమ్మ.

దుకాణం యజమానిని బతిమాలి కెమెరా రికార్డు కూడా చూశాను. సెప్టెంబరు చివరి మంగళవారాల్లో మూడు గంటల వేళ, చేతికి పసుపు కట్టుతో పెట్టెలు మోస్తున్నది నేనే.

మరుసటి మంగళవారం అమ్మకు చెప్పి పని మానుకుని యూనివర్సిటీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. సరిగ్గా మూడింటికి ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల నాలాంటి అమ్మాయి ఎవరైనా కనిపిస్తుందేమోనని ముందు తొంగి చూశాను. మూల బల్ల దగ్గర శ్రావణ్, కిటికీ పక్కన ప్రొఫెసర్. ఇంకెవరూ లేరు.

ప్రొఫెసర్‌గారు తల ఎత్తి, రమ్మన్నట్టు కుర్చీ చూపించారు. మొదటి పరీక్ష గురించి నేను ఆయన్ను ఏదో అడిగానట. దాని గురించి తాను ఆలోచించానని, రెండో పరీక్ష బాగా రాస్తే మొదటి పరీక్ష మార్కును లెక్కలోకి తీసుకోనని చెప్పారు. తరువాత, "మీ నాన్నగారి ప్రశ్న నేను మా ఇంట్లో కూడా చెప్పాను," అన్నారు.

మేము అమెరికా వచ్చిన కొత్తలో నాన్న హైవే ఫ్లైఓవర్ కింద కారు ఆపి, ఇంత బరువు పడిపోకుండా ఎవరు చూసుకుంటారమ్మా అని అడిగారు. నేను ఇంజనీరింగ్ ఎంచుకున్నది ఆ ప్రశ్న వల్లనే. దాన్ని నేను హారికకు చెప్పలేదు, కాలేజీ దరఖాస్తులో రాయలేదు. నాన్నకు ఆ సంగతే గుర్తు లేదు.

మాట్లాడకుండా తల ఊపి ఉంటే నా సీటు నిలబడేది. కానీ ఆ రాయితీ పొందింది నేను కాదు.

"సార్, ఇంతకుముందు వచ్చింది నేను కాదు. ఈ గదికి రావడం నాకు ఇదే మొదటిసారి," అన్నాను.

శ్రావణ్ పెన్ను ఆగింది. ప్రొఫెసర్‌గారు కళ్ళద్దాలు తీసి నన్ను పరీక్షగా చూశారు. ఆయన ముఖంలో కోపం లేదు. ఆయనా నన్ను అనుమానిస్తున్నారని మాత్రం అర్థమైంది. అలాగైతే రాయితీ మాట మరచిపోదామని చెప్పి, పుస్తకంలోంచి ఒక లెక్క చూపించి, బోర్డు మీద చేయమన్నారు.

బోర్డు నిండా పాత రాతలున్నాయి. చెరపడానికి ఇనుప బీరువా వెనక్కి చెయ్యి పెట్టి, మేకుకు తాడుతో వేలాడుతున్న డస్టర్ తీసుకున్నాను. సగం చెరిపాను.

"డస్టర్ ఆడుంటదని నీకెట్ల ఎరుక?" అన్నాడు శ్రావణ్, తెలుగులో, మెల్లగా.

వెనక్కి తిరిగి చూశాను. నేను లోపలికి వచ్చిన తలుపు దగ్గర నుంచి గానీ, కూర్చున్న కుర్చీలో నుంచి గానీ ఆ మేకు కనిపించదు. లెక్క సగంలో ఆగిపోయింది. మిగతా సగం ప్రొఫెసర్‌గారు ఓపికగా చెప్పారు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మొదటి పరీక్ష మార్కు అలాగే ఉండిపోయింది. మిగతా పరీక్షలతో ఫిజిక్స్ గట్టెక్కింది, సీటు నిలిచింది. నాలుగేళ్ళ తరువాత పట్టా తీసుకున్నాను. ఇప్పుడు నా ఉద్యోగం వంతెనల తనిఖీ. అన్నిటికీ కారణం వెతికి రాయడమే నా పని. ఈ ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ కారణం రాయలేకపోతున్నాను. హారికను అనుమానించినందుకు క్షమాపణ అడిగాను. నా మీద అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ వారం నుంచి దుకాణంలో మంగళవారం పని మానేశాను. ఆ తరువాత ప్రతి మంగళవారం మూడింటికి ఆ గదికి వెళ్ళింది నేనే.