ఊ కొట్టే చోటు

మా ఇంట్లో ఇత్తడి కుందులు తోమే పని నాది. చింతపండూ ఇత్తడీ కలిసిన పుల్లటి వాసన వేళ్లకు అంటగానే, బర్మింగ్‌హామ్‌లో మా కింది ఫ్లాట్ తలుపు ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఆ తలుపు తీసే లెన్ చిటికెన వేలికి ఎప్పుడూ ఒక ఇత్తడి గొట్టం ముక్క తొడిగి ఉండేది. పైపుల పని చేసేవాడు కనక తనే కోసి, నున్నగా అరగదీసుకున్నాడు. దాన్ని గిటారు తీగ మీద జారిస్తే, ఒక స్వరం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

తొంభైల చివర్లో నా భార్య సుజాతకు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వస్తే, హైదరాబాదులో దినపత్రిక డెస్కు వదిలేసి నేనూ వెళ్లాను. ఆమె తన డ్యూటీ రోటా ప్రకారం ఆసుపత్రికి వెళ్లిపోయాక పగలంతా నాతో మాట్లాడే మనిషి లేడు. ఒక ఉదయం మెట్ల దగ్గర ఓ తెల్లజుట్టు ఆయన, "ఆల్ రైట్, బాబ్?" అన్నాడు. నాకు అది "బాబూ" అనే వినిపించింది.

"కింది ఆయనకు తెలుగొచ్చు" అన్నాను సాయంత్రం.

"ఈ ఊళ్లో అందర్నీ అలాగే అంటారండీ. మా వార్డులో ఓ ముసలావిడ రోజూ నన్నూ బాబ్ అనే పిలుస్తుంది" అని సుజాత నవ్వింది.

సంగతి తెలిశాక కూడా నాకు బాబూ అనే వినిపించేది.

లెన్ తన జీవితాన్ని టీ తాగుతూ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అమెరికాలో నల్లజాతి కూలీల కష్టంలోంచి పుట్టిన బ్లూస్ పాటలను కుర్రాడిగా పక్కింటివాళ్ల రికార్డులో విన్నాడట. అక్కడి పెద్ద గాయకులు ఇంగ్లండు వచ్చినప్పుడు వాళ్ల వెనక నిలబడి గిటారు వాయించాడు. సొంతంగా ఒకే ఒక్క రికార్డు చేస్తే, దాని అట్ట మీద ఆయన వీపు మాత్రమే పడింది. తర్వాత జనం వేరే సంగీతం వైపు వెళ్లిపోయారు. ఆయన వారమంతా పైపులు బాగుచేస్తూ, ఆదివారం మధ్యాహ్నాలు మా వీధి చివరి పబ్బులో వాయించేవాడు.

"బాధగా లేదా?" అని అడిగాను.

"నీళ్లు కారే ఇళ్లకు కొదవ లేదు, బాబ్. బ్లూస్ పుట్టేదీ ఆ ఇళ్లలోనే."

మొదటి ఆదివారం ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన ఒక చరణం పాడి ఆగాడు. గిటారు దానికి జవాబు చెప్పి తనూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో నా నోటి నుంచి గట్టిగా "ఊఁ" అని వచ్చింది. పబ్బంతా వెనక్కి తిరిగింది. నేను తల దించుకుని గ్లాసులోకి చూశాను.

పాట అయ్యాక లెన్ నేరుగా నా దగ్గరికి వచ్చి, "ఏమిటా చప్పుడు?" అన్నాడు.

"క్షమించండి. మా దగ్గర కథ చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. లేకపోతే నిద్రపోయారనుకుంటారు."

"ఇన్నేళ్లుగా ఈ పబ్బులో నా అనుమానమూ అదే. వచ్చే వారం నుంచి ముందు కుర్చీలో కూర్చో."

అలా నాకో ఉద్యోగం దొరికింది. ఒకసారి, పాటలో అంత ఖాళీ ఎందుకు వదులుతారని అడిగాను. పేజీలో అంగుళం ఖాళీ కనిపిస్తే ఏదో ఒక చిన్న వార్త కుక్కడమే మా డెస్కులో నేర్పిన విద్య.

"ఆ చోటు నీది. నేనే నింపేస్తే నువ్వెక్కడ కూర్చుంటావు?" అన్నాడు.

కొన్నేళ్లకు లెన్‌కు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. "మాట మెల్లగా రావచ్చండీ. చెయ్యి సంగతి చెప్పలేం. గిటారు ఊసెత్తకండి" అని సుజాత హెచ్చరించింది. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుని, ఏం చెప్పాలో తెలియక వీధి కబుర్లు మొదలుపెట్టాను. కొత్త ప్లంబరు ఒకరింట్లో వేడినీళ్ల పైపు తీసుకెళ్లి చన్నీళ్ల కుళాయికి బిగించాడని చెప్పి ఆగాను. కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఊఁ" అన్నాడు లెన్.

ఇంటికొచ్చాక ఆ ఇత్తడి ముక్క మళ్లీ ఎడమచేతి చిటికెన వేలికి ఎక్కింది. కుడిచేతిలో బొటనవేలు ఒక్కటే చెప్పిన మాట వినేది. దానితోనే నెలల తరబడి తీగ మీటడం సాధన చేశాడు. రెండువేల ఎనిమిది వేసవిలో ఒక ఆదివారం, "ఒక్క... పాట" అంటూ పబ్బుకు బయలుదేరాడు. అది కుదరకపోతే ఇక గిటారు ముట్టడని మా అందరికీ తెలుసు.

మొదటి స్వరం తీగ వెంట జారి వచ్చింది. అంతలో బొటనవేలు తీగ మీది నుంచి జారిపోయింది. చెయ్యి ఒళ్లో పడింది. జాలిపడి ఎవరో చప్పట్లకు చేతులెత్తారు. చప్పట్లు మోగితే పాట అయిపోయినట్టే.

"ఊఁ" అన్నాను.

లెన్ నావైపు చూశాడు. బొటనవేలు వెతుక్కుంటూ వెళ్లి తీగను పట్టుకుంది. రెండో స్వరం పలికింది. తర్వాతి ఖాళీలో ముందు వరసంతా, బర్మింగ్‌హామ్ యాసలో, ఊ కొట్టింది. పాట ఆగుతూ ఆగుతూ చివరిదాకా నడిచింది.

దగ్గరికి వెళ్తే నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు... నిద్రపోలేదు, బాబ్."

ఆ చలికాలం లెన్ వెళ్లిపోయాడు. ఇత్తడి ముక్క నాకు ఇమ్మని చెప్పి ఉంచాడట. కుందులతో పాటు దాన్నీ నా ముందు పెట్టి, "మీ లెన్‌దీ తోమండి" అంటుంది సుజాత. నేనిప్పుడు బర్మింగ్‌హామ్‌లోని తెలుగువాళ్ల పత్రిక కోసం పెద్దవాళ్ల కబుర్లు రాస్తుంటాను. చెబుతూ చెబుతూ వాళ్లు మధ్యలో ఆగిపోతే, డెస్కు నేర్పిన చెయ్యి ఇంకో ప్రశ్నతో ఆ ఖాళీ పూడ్చెయ్యాలని చూస్తుంది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని ఊ అంటాను. కాసేపటికి వాళ్లే మొదలుపెడతారు.