క్లెమ్ తుడిచేసిన పన్నెండు మాటలు

వర్రాబీ అనే ఆ మారుమూల ఊళ్లో గుర్రం పరిగెత్తిందంటే దాని వెనకే క్లెమ్ హారిగన్ గొంతు కూడా పరిగెత్తాల్సిందే. ఏడాదికి ఒక్కరోజు జరిగే పందేలు అవి. నాలుగు కర్రల మీద నిలబెట్టిన రేకుల గదిలోంచి మైకు పట్టుకుని, ఎర్రటి దుమ్ములో ఏ గుర్రం ముందుందో ఏది వెనకబడిందో గుక్క తిప్పుకోకుండా చెప్పడం ఆయన పని. ముప్ఫై ఏళ్లుగా ఆ గదిలోకి ఇంకెవరూ ఎక్కలేదు. మిగతా రోజుల్లో పశువుల దొడ్లకి కంచెలు కట్టుకునేవాడు. అప్పుడు మాత్రం ఆయన నోట్లోంచి నాలుగు మాటలు రాబట్టాలంటే తలప్రాణం తోకకొచ్చేది. పందేల రోజు కోసం మాటలన్నీ పొదుపు చేసుకుంటాడని భార్య నోలా దెప్పుతూ ఉండేది.

అలాంటి మనిషికి రోగం తలలోకే వచ్చింది. ఎప్పుడో వీపు మీద కోసి తీసేసిన నల్లమచ్చ, ఏళ్ల తర్వాత మెదడులో గడ్డలై తేలింది. బ్రిస్బేన్ ఆసుపత్రిలో తలకి కిరణాలు పెట్టారు. జ్ఞాపకాలు నిలిచే చోటును వీలైనంత తప్పించామన్నారు. అది దెబ్బతినకుండా పూటపూటా వేసుకోమని మాత్రలిచ్చారు. వర్రాబీ నుంచి మాటిమాటికీ రావాలంటే అయ్యే పని కాదు కాబట్టి, నడకా నిద్రా లెక్కగట్టే పట్టీ ఒకటి చేతికి తొడిగి, ఒక టాబ్లెట్ కూడా ఇచ్చి పంపారు. మంగళవారం మంగళవారం ఆ తెర మీద లితియా అనే నర్సు కనిపించి పరీక్ష పెడుతుంది. ఫిజీ దీవుల పిల్ల. నవ్వు ముఖమే గానీ పని దగ్గర మొహమాటం లేదు.

పందేల క్లబ్బు పెద్ద మెర్విన్ చిన్నప్పటి స్నేహితుడే. అయినా ఉన్నమాట చెప్పేశాడు. "ఒరేయ్, జనం డబ్బు కాస్తారు. డాక్టరు సరేనంటే పందేలన్నీ, అన్నిట్లో పెద్దదైన కప్పు పందెంతో సహా, నువ్వే చెబుతావు. లేదంటే బడి పంతులమ్మ ఉందే, జోడీ, ఆమె చెబుతుంది. నా మీద అలగకు."

క్లెమ్ అలగలేదు, అన్నం మానేశాడు. చావంటే ఆయనకి అంత భయం లేదు. మైకు ముందు నోరు తెరిచాక పేరు రాకపోతే ఎలాగన్నదే భయం.

లితియా పరీక్ష ఇలా ఉండేది. పన్నెండు మాటలు చదువుతుంది. వెంటనే తిరిగి చెప్పమంటుంది. తర్వాత బొమ్మలూ అంకెలూ చూపించి, కాసేపాగి, ఇందాకటి మాటలు మళ్లీ చెప్పమంటుంది. మొదటిసారి క్లెమ్ పన్నెండూ గడగడా అప్పజెప్పేవాడు. రెండోసారి ఒక్కటీ వచ్చేది కాదు. ఒకటో రెండో కాదు, ఒక్కటి కూడా.

రెండు వారాలు వరసగా ఇదే జరిగేసరికి లితియా ముఖంలో నవ్వు తగ్గింది. "డాక్టరు గారికి చూపిస్తాను క్లెమ్. మీరేం కంగారు పడకండి," అంది. అలా అన్నాక కంగారు పడనిదెవరు?

నోలాకి మాత్రం ఎక్కడో అతకలేదు. తన అక్క పెళ్లిలో కేకు ఎవరు తగలేశారో ఈయనకి గుర్తే. మొన్న కూరలో ఉప్పెక్కువైందని ఇవాళ కూడా సాధిస్తున్నాడు. ఆ పన్నెండు మాటలే ఎక్కడికి పోతున్నాయి? మూడో మంగళవారం ఆమె బంగాళాదుంపల గిన్నె ఒళ్లో పెట్టుకుని పక్కనే కూర్చుంది. లితియా మాటలు చదువుతుంటే క్లెమ్ కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. అప్పజెప్పడం అయిపోగానే అరచేత్తో గాలిలో పలక తుడిచినట్టు ఒక్క తుడుపు తుడిచాడు.

"ఏవయ్యా, ఏంటా తుడుపు?" అంది నోలా.

"ఏ తుడుపు?"

"ఇప్పుడు తుడిచావు కదా, నా కళ్లెదురుగా."

క్లెమ్ బుర్ర గోక్కున్నాడు. "పందెం అయిపోయిందిగా. తుడిచేశా."

"పందెమేంటి నీ మొహం!"

అసలు సంగతి మెల్లగా బయటికొచ్చింది. ఆయనకి మాటలు గుర్తుపెట్టుకోవడం ఒక్క రకంగానే తెలుసు. పందెంలో దూరం నుంచి గుర్రాన్ని పోల్చుకునేది దాని మీది రౌతు చొక్కా రంగుని బట్టే. అలాగే ప్రతి మాటకీ ఒక రౌతు చొక్కా తొడుగుతాడు. నిచ్చెనకి ఎర్ర చొక్కా, నిమ్మకాయకి పచ్చ చేతులు, తలుపుకి చారల టోపీ. పన్నెండు గుర్రాలు గీత దాటగానే మొత్తం చెరిపేస్తాడు.

"చెరపడం దేనికయ్యా?"

"చెరపకపోతే ఈ పందెం గుర్రాలు వచ్చే పందెంలో దూరతాయే. కుర్రతనంలో ఒకసారి అలాగే, ఇంటికెళ్లిపోయిన గుర్రాన్ని మైకులో గెలిపించా. మెర్విన్ వాళ్ల నాన్న నన్ను తన్నడానికి నిచ్చెనెక్కాడు."

నోలా నవ్వింది. నవ్వి నవ్వి, గిన్నె కింద పెట్టి, కొంగు లేని మనిషి కాబట్టి వంటింటి గుడ్డతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లన్నీ నవ్వువి కావు.

తెరలోంచి లితియా కూడా నవ్వింది. అయినా తలూపి ఊరుకోలేదు. "అదే కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. మీ మాట మీద నేను మార్కులు వెయ్యలేను. వచ్చేవారం వేరే మాటలు ఇస్తాను. ఈసారి తుడవకండి."

"తుడవకుండా ఉండడం నా చేతిలో లేదమ్మాయ్. అదే జరిగిపోతుంది."

దారి నోలాయే చూపించింది. పందెం అయ్యాక ఓడిన రౌతు ఎవడైనా, నాకు అడ్డొచ్చాడని ఫిర్యాదు చేస్తే, పెద్దలు తేల్చేదాకా ఫలితం ఖాయం కాదు. అంతదాకా పందెం మొత్తం మైకువాడి కళ్ల ముందు ఉండాల్సిందే.

"ప్రతిసారీ ఫిర్యాదు పడిందనుకో," అంది నోలా. "ఆ పిల్ల సరేననేదాకా తుడవకు."

తర్వాతి మంగళవారం క్లెమ్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రెండోసారి అడిగినప్పుడు తొమ్మిది మాటలు వచ్చాయి. మిగతా మూడింటి కోసం చెమటలు పట్టేదాకా వెతికాడు. దొరకలేదు.

లితియా దాచలేదు. "మునుపటిలా పూర్తిగా లేదు క్లెమ్. ఆలోచన వేగం కాస్త తగ్గింది. అయితే మేము భయపడినంత పోలేదు, చాలా నిలిచింది. మాత్రలు మానకండి. పరీక్షలూ ఆపం." డాక్టరు చూసి, పందేలు చెప్పవచ్చు, తల బరువెక్కితే మాత్రం ఆపేయాలి అని కబురు పంపాడు.

"మూడు గుర్రాలు ఏమయ్యాయో," అని రెండు రోజులు గొణిగాడు క్లెమ్.

"కుంటుకుంటూ వస్తాయిలే, టీ తాగు," అంది నోలా.

పందేల రోజున రేకుల గది ఎక్కాడు. మొదటి మూడు పందేలూ నల్లేరు మీద నడకే. కప్పు పందెంలో ఆఖరి మలుపు దగ్గర ఒక పేరు రాలేదు. అయినా ఆగలేదు. "పసుపు చొక్కా! ఆ పసుపు చొక్కావాడు దూసుకొస్తున్నాడు!" అని లాగించేశాడు. గుర్రం యజమాని కింద నుంచి పేరు పెట్టి బూతులు లంకించుకున్నాడు. జనం విరగబడి నవ్వారు. పసుపు చొక్కావాడు రెండోవాడిగా వచ్చాడు. క్లెమ్‌కి సిగ్గేయలేదు. తనకే ఆశ్చర్యం వేసింది.

ఇంకొక్క పందెం మిగిలింది. తల బరువుగా ఉంది. "ఇది కూడా కానివ్వరా, ఒక్కటేగా," అన్నాడు మెర్విన్. క్లెమ్ మెళ్లోంచి బైనాక్యులర్స్ తీసి, అవసరమైతే చెప్పడానికని పక్కనే ఉన్న జోడీ మెళ్లో వేశాడు. ఎవరూ అడగలేదు, ఆయనే వేశాడు. నిచ్చెన దిగి, కంచె పక్కన మడతకుర్చీలో ఉన్న నోలా దగ్గరికెళ్లి గడ్డి మీద కూలబడ్డాడు.

గుర్రాలు బయల్దేరాయి. ఏ చొక్కా ఏ గుర్రానిదో ఆయన తెలుసుకోలేదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఇంతలో పక్కన నోలా లేచి నిలబడి, టోపీ తీసి ఊపుతూ, గొంతు చించుకుని, "ఒరేయ్ నీలం టోపీ! కదలరా సోమరిపోతా! కదలరా!" అని కేకలు పెట్టింది.

క్లెమ్ పందెం వదిలేసి ఆమె ముఖంలోకి చూశాడు. ముఖం ఎర్రబారింది. మెడ మీద నరాలు ఉబ్బాయి.

"ఏమే, ఎప్పుడూ ఇలాగే అరుస్తావా?"

"ముప్ఫై ఏళ్లుగా అరుస్తున్నా," అంది నోలా, గుర్రాల మీంచి చూపు తిప్పకుండా. "నీ మైకు గోలలో నీకు వినబడితేగా!"