ఆకుపచ్చ దారం కట్టిన ఆరు సీసలు

"జర దారం ఇయ్యే, చిట్టీలు కట్టాలె."

"దారం లేదు గీరం లేదు. గడ్డితోని కట్టుకో పో."

మా ఆయనకు నాకు నడిచిన ఆఖరి మాటలు గివే. ఆయన నవ్విండు. సైకిల్ తీసుకొని పోయిండు.

దయ్యాలంటే నేను నమ్మే మనిషిని కాదు. ముందుగాలనే చెప్తున్న. మా అత్త పానం పోయిన అర్రలనే ముప్పై ఏండ్లు పండుకున్న. బొందలగడ్డ పక్కపొంటి బీడీల గంప నెత్తిన పెట్టుకొని ఒక్కదాన్నే నడిచిన. ఏదీ అడ్డం రాలే. ఇప్పటికి గూడ ఎవరన్న గాలి, ధూళి అంటే నాకు కోపం వస్తది.

నాకు సంతకం వస్తది, గడియారం తెలుస్తది, గంతే. నేను చెప్తున్న, నా బిడ్డ సునీత రాస్తుంది. చెప్పింది చెప్పినట్టు రాయాలె, మధ్యల అడగొద్దని ముందే ఒట్టు పెట్టించుకున్న.

మాది చందూర్ దిక్కు. మా ఆయన ఓ పెద్ద చక్కెర కంపెనీల శాంపిల్ బాయ్. కంపెనీ పేరు రాయొద్దన్న. యాభై ఏండ్లు వచ్చినా ఆయన పేరు బాయే. మిల్లుల చెరుకు పిండుతుంటే గంటకొకసారి రసం సీసల పట్టాలె. ఏ గంటదో రాసిన అట్టముక్క సీస మెడకు కట్టాలె. తీసుకపోయి ల్యాబుల ఇయ్యాలె. అట్టముక్క అతికేతందుకు కంపెనీ గోందు ఇస్తుండె. తడికి అది ఊడిపోతుండె. గందుకని ఆయన నా బీడీల దారం పట్టుకపోతుండె.

సీజన్ లేని నెలలల్ల కంపెనీ బందుంటది. అప్పుడు నా పక్కన కూసొని, నేను చుట్టిన బీడీలకు దారం కట్టేటోడు. మేము ముడి వెయ్యం. మూడు చుట్లు చుట్టి కొసను గోటితోని లోపలికి నూకుతం. ఆయనది పుర్ర చెయ్యి. మేమందరం ఇటు చుడితే ఆయన అటు చుడుతడు. వంద బీడీలల్ల ఆయన కట్టిన బీడీ ఏదో కండ్లు మూసుకొని వేలితోని చెప్పేదాన్ని. పక్కింటి గంగమణి "మీ మొగడు కట్టిన బీడీ తాగితే పొగ ఎనకకు పోతదే" అని నవ్వేది.

సునీత నిజామాబాద్ల బీఎస్సీ చదివింది. ఆఖరి ఏడు పెద్ద కంపెనీల నెల రోజులు ట్రైనింగ్ చెయ్యాలన్నరు. అక్కడి పెద్దసారు సంతకంతోని కాయిదం తేవాలె. మా అదృష్టం, బాపు పనిచేసే కంపెనీలనే దొరికింది. కాయిదం ఉంటే వచ్చే సీజన్‌కు ల్యాబుల నౌకరి గూడ ఇస్తమన్నరు. మా గల్లీల ఏ ఇంట్ల చూసినా ఆకు, తంబాకు పోసిన సాట ముంగట పెట్టుకొని బీడీలు చేసే ఆడోళ్లే. తెల్లకోటు వేసుకొని పనికి పోయిన ఆడపిల్ల నా బిడ్డనే మొదలు.

ఆయనకు మస్తు సంబురం. గాని కంపెనీల ఒక్కరికి చెప్పలే. ల్యాబుకు సగం తలుపు ఉంటది. సీసలు తెచ్చేటోళ్లు తలుపు బయటనే ఆగాలె. ఆయన బయట నిలబడి కన్నబిడ్డ చేతికి సీస ఇచ్చి "తీసుకోండి మేడం" అంటుండె. ఇంటికి వస్తే "ఓ పోరీ, నీళ్లు తే" అంటుండె.

"బిడ్డను మేడం అంటవా, సిగ్గు లేదా?" అంటే, "శాంపిల్ బాయ్ బిడ్డ అని తెలిస్తే ఆ సార్లు దానితోని బల్లలు తుడిపిస్తరే, నీకేం తెల్సు" అన్నడు. తొవ్వల గూడ జతగా పోకపోతుండె. పిల్ల ల్యాబోళ్ల జీపుల, ఆయన సైకిల్ మీద.

ట్రైనింగ్ ఇరవై రెండు రోజులు అయింది. ఇంక ఎనిమిది రోజులున్నయి. ఆ వారం పొద్దుగాల ఆరు గంటల డ్యూటీ. పిల్ల ముందే జీపెక్కింది. ఆయన దారం అడిగిండు. ముందురోజు బీడీల కార్ఖాన మున్షీ, నీకే దారం ఇంత ఎట్ల ఒడుస్తుందని పదిమంది ముంగట నన్ను అన్నడు. ఆ కోపం నాకు. ఉన్న ఎర్ర దారం ఉండను సాట కింద దాసిన, లేదన్న. ఆయన ఉత్త చేతుల తోటి పోయిండు.

చెరుకు బండ్లు వరుసగ నిలబడే కాడ, మోరి పక్కన సైకిల్ మీదికెళ్లి పడ్డడు. చెరుకు దించి వస్తున్న మరాఠి బండాయన ఖాళీ బండిల ఏసుకొని సర్కారు దవాఖానకు తెచ్చిండు. నాకు కబురు వచ్చి ఉరికిన. "పాణీ పణ్ మాగితలం నాహీ, బాయీ" అన్నడు బండాయన. నీళ్లు గూడ అడగలేదు అని. డాక్టరు పానం పోయిందన్నడు. గోడకు గడియారం ఉంది. పది నిమిషాలు తక్కువ ఏడు. ఆయన పాదం పట్టుకొని చూసిన. సల్లగ ఉంది. ఇది నేను కండ్లార చూసిన ముచ్చట.

పిల్లకు ఇప్పుడే చెప్పకుండ్రి, కంపెనీల ఒక్కతే ఉంది, బొబ్బ పెడ్తది, ఆయనను ఇల్లు చేర్చినంక తోలుకొద్దామని నేనే అన్న. తొమ్మిదింటికి ఆయనను ఇంటికి తెచ్చినం. పదింటికి గంగమణి కార్ఖానకు పోయి నా వంతు ఆకు, తంబాకు, దారం గూడ తెచ్చింది. "ఎర్ర దారం బందైందట అక్కా, గియ్యాల్టి సంది ఆకుపచ్చదే" అని, ఏడ్చుకుంటనే చెప్పి కిటికిల పెట్టి పోయింది. కాయిదం చుట్టి, చిట్టి అంటించిన ఉండ. నేను దాని దిక్కు గూడ చూడలే.

మా ఆయన అన్న లచ్చన్న బావ ఊరికెళ్లి వచ్చేసరికి పన్నెండు దాటింది, ఆయనే పోయి సునీతను తోలుకొచ్చిండు. పిల్ల గడపల నిలబడ్డది. ఏడువలే. "గిదేంది? ఇప్పుడే గద బాపు నాకు సీస ఇచ్చి పోయిండు" అన్నది.

పొద్దుగాల్నే పోయిండు బిడ్డా అంటే ఇనలే. ఏడు గంటల సీస, ఎనిమిది గంటల సీస, అట్ల పన్నెండు దాక ఆరు సీసలు బాపు చేతులకెళ్లే తీసుకున్న అన్నది. రాత్రి నా ఒళ్లె తల పెట్టి ఇంకో మాట చెప్పింది. ఏడింటికి వచ్చినప్పుడు బాపు మేడం అనలేదట. నలుగురి ముంగట "సునీతా" అని పేరు పెట్టి పిలిచిండట. పక్కన సార్లు తలకాయలు ఎత్తి చూసిండ్రట. దీనికి నామోషీ అయింది. "ఇక్కడ పేరు పెట్టి పిలువకు" అని కసిరిందట.  తర్వాత సీసలు చేతికిచ్చి ఎనకకు మల్లిపోయిండట. పన్నెండింటికి మాత్రం "మేడం" అన్నడట. గంతే.

లచ్చన్న బావ ఇన్నడు. "పిల్లకు గాలి తాకింది. గుట్ట మీది దర్గకు తీసుకపోవాలె. కంపెనీ గింపెనీ బందు. మా మరదలి కొడుకున్నడు, వానికి ఇచ్చి పెండ్లి చేద్దాం" అన్నడు. సుట్టాలందరూ తలకాయ ఊపిండ్రు. పిల్ల గూడ కంపెనీకి పోనన్నది. బువ్వ తినదు, నిద్ర పోదు. గోడకు ఒరిగి కూసొని, "నేను కసిరింది బాపునా అవ్వా?" అని ఒక్కటే మాట. పదకొండు దినాలు గదే మాట. ఆ ఎనిమిది రోజులు పూర్తి చెయ్యకుంటే కాయిదం రాదు. కాయిదం రాకుంటే నా బిడ్డ బతుకు నా సాట ముంగటికే వస్తది. నాకు అదొక్కటే భయం.

దినాలు అయిన తెల్లారి, ఆయన అంతకుముందెప్పుడో అక్కడ మర్చిన టిఫిన్ డబ్బ తెచ్చుకుంట అని చెప్పి నేనే కంపెనీకి పోయిన. ల్యాబు పెద్దసారు మంచాయన. కుర్సీ వేసిండు. బిడ్డ జాగ ఉంచిన్నమ్మా, పంపు అన్నడు. ఆ రోజు సీసలు ఎవరు తెచ్చిండ్రు సారూ అని అడిగిన.

 "మీ ఆయన రాలేదని మాకు తెల్వనే తెల్వదమ్మా. సీసలు టయానికి వస్తున్నయి, తలుపు దిక్కు ఎవరు చూస్తరు, వచ్చిండనుకున్నం. తర్వాత మిల్లోళ్లను ఒక్కొక్కల్ని అడిగిన. నేను పట్టలేదంటే నేను పట్టలేదన్నరు. రసం మాత్రం ఆ గంటల రసమే. పరీక్షల తేడా రాలే. ఎవరో దోస్తు ఆయన వంతు పని చేసి, చెప్పెతందుకు భయపడుతున్నడు" అన్నడు సారు. నాకు గూడ అదే నిజమనిపించింది. మనసు నిమ్మలమైంది.

సారు సొరుగు తీసి ఆరు అట్టముక్కలు బల్ల మీద పెట్టిండు. ఎవరి కట్టుడో గుర్తుపడుతవా అమ్మా అన్నడు.

ఆరింటికీ దారం ఉంది. ఆకుపచ్చది. మూడు చుట్లు. ముడి లేదు. కొస గోటితోని లోపలికి నూకి ఉంది. అటు దిక్కు చుట్టి ఉంది.

సారుకు దారం సంగతి తెల్వది.  గుర్తుపట్టలేను సారూ అన్న. ఒక్కటి ఇయ్యమంటే ఇచ్చిండు. ఏడు అంకె ఉన్నది తీసుకున్న.

ఇంటికొచ్చి కిటికిల చూసిన. గంగమణి పెట్టిన ఉండ పెట్టినట్టే ఉంది. కాయిదం చినగలే. చిట్టి ఊడలే. గల్లీల ఆడోళ్లను వేరే మాటల మీద అడిగిన. ఆకుపచ్చ దారం ఇంతకుముందు ఎవ్వరి ఇంటికి రాలే. మా కార్ఖానకు ఆ రోజు పదింటికే మొదటిసారి వచ్చింది. ఏడు గంటల సీసకు అది ఎక్కడికెళ్లి వచ్చింది?

ఆ రాత్రి పిల్ల మళ్ల అడిగింది. "అవ్వా, నేను చూసింది బాపునేనా?"

"కాదు బిడ్డా" అన్న. "సారే చెప్పిండు. బాపు దోస్తెవరో తెచ్చిండట. నిద్రకండ్ల మీద నువ్వు బాపు అనుకున్నవ్. నువ్వు కసిరింది ఆయన్ను కాదు."

అట్టముక్క నా రైకలనే ఉంది అప్పుడు.

పిల్ల మస్తు ఏడ్చింది. ఏడ్చి పండుకున్నది. పన్నెండు రోజులల్ల అదే మొదటి నిద్ర. తెల్లారి కోటు ఉతుక్కున్నది. లచ్చన్న బావకు ఎదురుంగ నిలబడి, "నేనే పొరపాటు చూసిన పెద్దనాయినా, నాకు ఏ గాలి లేదు" అన్నది. ఎనిమిది రోజులు చేసింది. కాయిదం తెచ్చింది. మళ్ల సీజన్‌కు నౌకరి అయింది. ఆ సగం తలుపు లోపల కూసొని పదేండ్లు దాటింది.

సునీతా, రాస్తున్నవా? ఆపకు. ఒట్టు పెట్టినవ్. వారపత్రికోళ్లు నిజంగ జరిగినయి రాసి పంపుమన్నరని నువ్వే తెచ్చినవ్ గద. ఎదురుంగ కూసొని చెప్ప నాకు చాతకాలే. గందుకే ఈ రాసుడు పేరు మీద చెప్తున్న.

నువ్వు తప్పు చూడలే బిడ్డా. నీ కండ్లు మంచిగనే చూసినయి. పదిమంది ముంగట నిన్ను అబద్ధం ఆడిపిచ్చింది నేను. ఆ రోజు నేను నిజం చెప్తే నువ్వు దర్గకు పోతుంటివి, కంపెనీకి పోకపోతుంటివి. నువ్వు కసిరిన మాట నీ మెడకు పడ్తుండె. దాన్ని నేను ఇన్నేండ్లు నా దగ్గర పెట్టుకున్న. ఈ దగ్గు చూస్తే ఇంక ఎన్ని రోజులు పెట్టుకుంటనో నాకే తెల్వది.

ఆయన వచ్చిండా, ఎట్ల వచ్చిండు, ఎందుకు వచ్చిండు, నన్ను అడగకు. దయ్యాలు ఉన్నయని నేను ఇప్పటికి గూడ అనను. పది తక్కువ ఏడుకు ఆయన పాదం సల్లగ ఉండె. ఏడింటికి నిన్ను పేరు పెట్టి పిలిచిండు. రెండూ నిజమే. రెండింటిని కలిపెతందుకు నాకు చాతనైతలేదు. నువ్వు చదువుకున్నదానివి, నీకు చాతనైతదేమో చూడు.

అట్టముక్క నా పెట్టెల, నీలం చీర మడతల ఉంది. తర్వాత తీసుకో. ఇప్పుడే లేవకు.

ముక్కు తుడుచుకో. నేను చెప్పింది అంతా రాసినవా, నీ గురించి అన్నది వదిలిపెట్టినవా? ఏదీ, మొదటికెళ్లి సదివి ఇనిపియ్యి.