సరోజ మేడం కాంటెస్సా, మూడో ‘టక్’

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో బస్టాండు వెనక ముప్పై ఏళ్లుగా నా షెడ్డు ఉంది. గోదావరి మీద వంతెన కట్టినప్పుడు విలేకరులు వచ్చారు, వరదలొచ్చినప్పుడు వచ్చారు. నా షెడ్డు ముందే జీపు ఆపుకొని టీ తాగారు. లోపల ఏం పని జరుగుతోందని ఒక్కరూ అడగలేదు. ఊరికి నేను ట్రాక్టర్ మిస్త్రీని, అంతే. వయసులో ఉన్నప్పుడు ఆరేళ్లు సికింద్రాబాద్‌లో విదేశీ కార్ల షెడ్డులో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించానని చెబితే వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు మీ పత్రికవాళ్లు వృత్తి అనుభవం రాయమన్నారు. ఆలస్యంగానైనా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

అది 2023 మే నెలాఖరు. సరోజ మేడం మా దగ్గర కేంద్రప్రముఖ్, అంటే పది పన్నెండు బడులు తిరిగి చూసే అధికారి. ఆవిడ దగ్గర పాత కాంటెస్సా కారు ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఎడమ కాలితోనే ఇరవై ఏళ్లు దాన్ని నడిపారు. యాభై దాటాక ఆ కాలిలో బలం ఇంకా తగ్గింది, క్లచ్ తొక్కలేకపోయారు. ఆటోమేటిక్‌లో క్లచ్ ఉండదు, కుడి కాలు ఒక్కటి చాలు. కొత్త కారు కొనుక్కోమని చాలామంది అన్నారు. ఈ కారు సీటు తన నడుముకు, కాలికి కొలత పెట్టి చేయించుకున్నదని ఆవిడ వినలేదు.

ముందు చంద్రపూర్‌లో ఒక పెద్ద వర్క్‌షాప్‌కు ఇచ్చారు. వాళ్లు ఇదే జాతి ఇంజన్ ఉన్న విదేశీ కారు నుంచి ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తెప్పించి బిగించారు. కారు అరిచింది కానీ కదల్లేదు. చివరికి లారీ మీద నా షెడ్డుకు వచ్చింది.

“పోచన్నా, ఇగ నువ్వే చూడాలె,” అన్నారు మేడం.

“చంద్రపూర్‌ల ఏమన్నరు?”

“ఈ బండికి ఆటోమేటిక్ కూసోదన్నరు. మా సిరోంచ మిస్త్రీకి చూపిస్త అంటే ఫోర్‌మన్ నవ్విండు.”

“ఏమని నవ్విండు?”

“గది ఇడిసిపెట్టన్నా.”

“చెప్పకపోతే నేను బానెట్ లేపను మేడం.”

ఆవిడ నిట్టూర్చారు. “ట్రాక్టర్లకు నట్లు బిగించేటోనికి గిది ప్రెషర్ కుక్కర్ లెక్క కనవడ్తదేమో అన్నడు.”

ఆ మాట నాకు అక్షరం పోకుండా గుర్తుంది.

మేడం కష్టం వేరు. “బడులు తెరిచేలోపు బండి కాకుంటె నన్ను ఆఫీసుల కూసోబెడ్తరు. ఇంకొకరి జీపు కోసం చూసుకుంట ఉంటె, నేను పెర్మిలి బడికి పొయ్యేసరికి ఇంటి బెల్ కొడ్తరు,” అన్నారు. మా దగ్గర బడులు జూన్ ఆఖరున తెరుస్తారు, చేతిలో నెల రోజులున్నాయి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఆటోమేటిక్‌లో క్లచ్ స్థానంలో టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. లోపల నూనెలో రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజన్ ఒకదాన్ని తిప్పితే, ఆ నూనె తోపుకు రెండోది తిరుగుతుంది. గేర్‌బాక్స్‌లో నూనెను తోడే ఆయిల్ పంప్ కూడా ఈ కన్వర్టర్‌తోనే తిరుగుతుంది. కాబట్టి కన్వర్టర్‌ను చేత్తో తిప్పుతూ లోపలికి తోయాలి. ఒక్కో పళ్ల వరస కలిసినప్పుడల్లా ‘టక్’మంటుంది. ఈ రకం గేర్‌బాక్స్‌లో మూడుసార్లు అనాలి. మూడోది పంప్‌ది. అది వినకుండా బోల్టులతో లాగి బిగిస్తే పంప్ పని అయిపోయినట్టే.

గేర్‌బాక్స్ దింపి చూస్తే అదే జరిగింది. పంప్ గేరు పళ్లు రెండు విరిగి నూనె అడుగున ఉన్నాయి. కారుకు ఏ దోషమూ లేదు.

నేను భూపాలపల్లి మీదుగా సికింద్రాబాద్ వెళ్లి, పాత షెడ్డులో అలాంటి గేర్‌బాక్స్ నుంచే మంచి పంప్ గేరు తీసుకొచ్చాను. ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు వెళ్లే గొట్టం, కొత్త కొలతకు మంచిర్యాలలో కోయించి బ్యాలెన్స్ చేయించాను. మా రోడ్ల మీద నూనె వేడెక్కుతుందని రేడియేటర్ ముందు వేరే ఆయిల్ కూలర్ పెట్టాను. చంద్రపూర్‌వాళ్లు అది పెట్టనేలేదు.

కన్వర్టర్ ఎక్కించే రోజు మేడం స్టూలు వేసుకొని పక్కనే కూర్చున్నారు. మూడు టక్కుల సంగతి ఆవిడకు ముందే చెప్పాను. పొద్దుటి నుంచి నేను ఏమీ తినలేదు, బాగా అలసిపోయాను. కన్వర్టర్ కూర్చుందనుకొని జాకీ మీద చెయ్యి వేశాను.

“అన్నా, రెండే అయినయి,” అన్నారు మేడం.

“మూడు అయినయి మేడం.”

“పిల్లల అటెండెన్స్ తీసుకునేదాన్ని, లెక్క తప్పుతనా? రెండే.”

నాకు కోపం వచ్చింది. ఆవిడ మాట తప్పని చూపించడానికే మళ్లీ తిప్పి తోశాను. టక్ అంది. కన్వర్టర్ ఇంకో వేలెడు లోపలికి పోయింది. అప్పుడు జాకీ లేపాను.

జూన్ మూడో వారంలో ఇంజన్ స్టార్ట్ చేశాం. మేడం గేరు లివర్‌ను డి, అంటే డ్రైవ్ మీదికి లాగి బ్రేకు మీది నుంచి కాలు తీశారు. కారు తనంతట తాను కదిలింది. ఆవిడ బస్టాండు చుట్టూ మూడుసార్లు తిరిగారు. టీ కొట్టు వాళ్లంతా లేచి నిలబడ్డారు. ఎడమ కాలు చాపుకొని కూర్చున్న ఆవిడ మొహం చూడాలి, కలెక్టర్ లెక్క ఉన్నారు.

వారం తర్వాత గడ్చిరోలి ఆర్‌టీఓ ఆఫీసులో బండి తనిఖీ. ఆలాపల్లి, ఆష్టి మీదుగా గుంతల్లోనే అంతదూరం ఆవిడే నడిపారు. కూలర్ పుణ్యమా అని నూనె చల్లగానే ఉంది. ఆర్‌సీలో మార్పు ఎక్కింది. నేను పట్టుబట్టి అక్కడి నుంచి చంద్రపూర్ తీసుకెళ్లాను. వర్క్‌షాప్ గేటులోంచి నేరుగా ఫోర్‌మన్ బల్ల దాకా మేడం కారు పోనిచ్చారు.

అతను చుట్టూ తిరిగి చూశాడు. “నాగ్‌పూర్‌ల చేపిచ్చిన్రా మేడం?”

“సిరోంచల. ఈ అన్ననే చేసిండు.”

“నసీబు బాగుంది, ఎట్లనో కూసుంది,” అన్నాడు.

“ఎట్లనో కాదు సాబ్. మీ చేతుల పంప్ ఎందుకు ఇరిగింది?” అని అడిగాను.

ఫోన్ వచ్చిందని లోపలికి పోయాడు. గంట కూర్చున్నాం, బయటికి రాలేదు.

మేడం ఆ ఏడాది బడులు తెరిచిన రోజు పెర్మిలిలో ప్రార్థన గంటకు ముందే ఉన్నారు. నేటికీ ఆ కారులోనే తిరుగుతున్నారు. నేను నేర్చుకున్నదేమిటంటే, ఏం వినాలో బండి యజమానికి కూడా చెప్పిపెట్టాలి. అలసిన మిస్త్రీ తనకు కావలసిందే వింటాడు. నా తప్పు నేను ఇక్కడ రాశాను. ఫోర్‌మన్‌కు రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు రాశాను. సంతకం పెట్టిన రసీదులు తిరిగి వచ్చాయి, జవాబు రాలేదు. ఇది చదివితే మూడో ఉత్తరం అనుకోండి సాబ్. బోల్టులు బిగించే ముందు ఆ కన్వర్టర్‌ను ఒక్కసారైనా చేత్తో తిప్పి చూశారా, లేదా? ఒక్క మాట రాసి పంపండి.