ఎడమ స్పీకరు మీద అనుమానం

మా బామ్మర్ది ఆ మాట అన్నది మత్తిగిరిలో మా గృహప్రవేశం రోజు. భోజనాలు అయినాక నా పాత మ్యూజిక్ సిస్టంలో నాదస్వరం పెట్టినాను. వాడు పాయసం గ్లాసు పట్టుకొని నిలబడి, పదిమంది వినేటట్లు, "ఏం బావా, నాదస్వరం ఆయన్ను బకెట్లో కూర్చోబెట్టి వాయింపించినట్టుందే" అన్నాడు. అందరూ నవ్వినారు. నా భార్య కూడా నవ్వింది. నవ్వలేదని ఇప్పటికీ అంటుంది. నేను చూసినాను.

వాడిది కృష్ణగిరి, టైల్స్ అంగడి. ఇంట్లో టీవీ కింద పొడుగాటి స్పీకరు ఒకటి పెట్టుకున్నాడు. దాని గొప్పలు అడగనివాళ్ళకు కూడా చెప్తాడు. ఆ రోజే అనుకున్నాను: నా చేత్తో ఒక జత స్పీకర్లు చేసి, వాణ్ణి వాటి ముందు కూర్చోబెట్టి, ఆ బకెట్ మాట తప్పని వాడి నోటితోనే అనిపించాలని. నాలుగేండ్లయింది. మాట నిన్న అన్నట్టే ఉంది.

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూంలో ఇరవై ఏండ్లకు పైగా పని చేస్తున్నాను. వెంట్రుక మందం తేడా వచ్చినా ఒప్పుకోను. వూఫర్లు, ట్వీటర్లు బెంగళూరు పోయి నేనే తెచ్చినాను. ట్వీటరంటే తాళాల చప్పుడు, పాడే మనిషి ఊపిరి లాంటి సన్న శబ్దాలను పలికించే చిన్న స్పీకరు. దాని మధ్యలో పట్టుగుడ్డతో చేసిన బుడిపె ఉంటుంది. అంగడివాడు మూత తెరిచిన డబ్బాలే ఇచ్చినాడు. ఎందుకు తెరిచినావంటే "చెక్ చేసినాను సార్" అన్నాడు. అదీ గుర్తు పెట్టుకున్నాను.

పెట్టెల పని మా వీధి చివర వడ్రంగికి ఇచ్చినాను. తలుపులు, పూజ అల్మారాలు చేసే మనిషి. రంధ్రాల కొలతకని ట్వీటర్లు రెండూ తన దగ్గర పెట్టి పొమ్మన్నాడు. కాగితం మీద గీసిచ్చినాను కదప్పా అంటే, "కాగితం ఒకటి చెప్తుంది, సామాను ఇంకొకటి చెప్తుంది సార్" అన్నాడు. పది దినాలు పెట్టుకున్నాడు. రెండు గుండ్రటి వస్తువులు కొలవడానికి పది దినాలా?

ఆయుధ పూజకు ముందు రోజు ఎడమ పెట్టె ఒకటే ఇచ్చినాడు. కుడిదానికి అంచు అంటించాలన్నాడు. వచ్చినదాన్లో వూఫరు, ట్వీటరు ఆ సాయంత్రమే బిగించినాను. మరుసటి రోజు స్కూటరుతో పాటు దానికీ పూజ అయింది. తర్వాత ముందువైపు నల్లగుడ్డ లాగి పిన్నులు కొట్టేసినాను. కుడి పెట్టె దీపావళి దగ్గరికి వచ్చినాక వచ్చింది.

రెండూ కలిపి పెట్టినాను. జత స్పీకర్లు సరిగ్గా ఉంటే పాడే మనిషి రెండింటి నడుమ నిలబడినట్టు వినిపించాలి. నేను పెట్టిన పాటలో పాడే ఆమె గొంతు పోయి కుడిపక్క కిటికీ దగ్గర నిలబడింది. ఎడమ పెట్టె దుప్పటి కప్పుకున్నట్టుంది. వైర్లు మార్చి చూసినాను. ఆంప్లిఫయర్లో కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టి చూసినాను. తప్పు ఆ పెట్టెను వదల్లేదు.

ఇంక నాకు అర్థమైపోయింది. వడ్రంగి నా కొత్త ట్వీటరు ఒకటి ఉంచుకొని, అట్లాంటిదే పాతది నా చేతికిచ్చినాడు. వాడి అంగట్లో మూలన ఒక పాత స్పీకరు పొద్దస్తమానం పాడుతూ ఉంటుంది. ఇంతకు ముందు కూడా అది అంత బాగా పాడేదా? రెండు సార్లు పని లేకపోయినా పోయి నిలబడి విన్నాను. గుడ్డ విప్పి చూసుకోవచ్చు కదా అని నా భార్య అనింది. విప్పితే నేనే చెడగొట్టినానంటాడు, వాడి ముందరే విప్పాలి అన్నాను.

ఈ లోపల బామ్మర్ది ఆదివారం వస్తున్నట్టు ఫోన్ చేసినాడు. శనివారం పొద్దున వడ్రంగిని ఇంటికి పిలుచుకొని వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి పాట పెట్టినాను.

"గొంతు యాడ నుంచి వస్తుందప్పా?"

"కుడి పక్క నుంచి."

"ఎడమది ఏమైంది?"

"నాకేం తెలుసు సార్. నేను పెట్టె చేసినాను, పాట చెయ్యలేదు."

"నా ట్వీటరు యాడ?"

వాడు లేచి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, పిన్నులు ఒక్కొక్కటే లేపి గుడ్డ తీసినాడు.

ట్వీటరు నాదే. దాని బుడిపె మీద గంధం ఎండి పెంకు కట్టి ఉంది. నడిమిట్లో కుంకుమ. బుడిపె లోపలికి నొక్కుకుపోయి, గంధంలో బొటనవేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"పూజ దినం ఇది మీ ఇంట్లోనే ఉన్నింది సార్" అన్నాడు.

నేను వంటింటి వైపు చూసినాను. "నన్ను చూడొద్దు" అనింది నా భార్య. "దాని దగ్గరికి పోతే ఊపిరి తగులుతుందని మీరే అన్నారు కదా."

టూల్‌రూంలో ప్రతి ఏడూ మెషీన్లకు బొట్టు పెట్టేది నేనే. నూనె పట్టిన ఇనుము మీద గంధం జారిపోతుంది, అందుకని బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ఆ రోజు ఇంట్లో కూడా వేలు దానంతటదే పోయి ఆ గుండ్రటిదాని నడుమ నొక్కేసింది. పూజ బొట్టు చేత్తో తుడవకూడదు, దానంతటది రాలిపోయేదాకా ఉండనియ్యాలి. అందుకని దాని మీదనే గుడ్డ కప్పేసినాను. ఇదంతా వాడికి చెప్పలేదు. వాడు అడగనూ లేదు.

తడి దూదితో అద్ది అద్ది గంధం కరిగించడానికి అరగంట పట్టింది. తర్వాత వాడు అంచులు అంటించేటప్పుడు వాడే టేపు ముక్క ఒకటి బుడిపె మీద మెల్లగా ఆనించి లాగినాడు. నాలుగోసారికి బుడిపె టిక్కుమని పైకి లేచింది. పాట పెట్టినాను. గొంతు కిటికీ దగ్గర నుంచి వచ్చి రెండు పెట్టెల నడుమ నిలబడింది.

కాఫీ తాగి పో అన్నాను. వాడు తాగినాడు. గడప దాటుతూ, "మా అంగట్లో పాత స్పీకరు కూడా విప్పి చూపించమంటారా సార్? రెండు మూడు సార్లు వచ్చి వినిపోయినారు" అన్నాడు. దాన్ని కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఆదివారం బామ్మర్ది వచ్చినాడు. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకొని పాట మొత్తం విన్నాడు. "బాగుంది బావా. ఆ రోజు నేను బకెట్ అన్నది తప్పు" అన్నాడు.

నాలుగేండ్లు ఎదురుచూసిన మాట అదే. కానీ నాలుగేండ్లలో ఆ బకెట్ సంగతి నేను వాడి దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. వాడికి ఎట్లా గుర్తుంది? నా భార్య తలెత్తకుండా కాఫీ పోస్తా ఉంది. శనివారం సాయంత్రం ఆమె మిద్దె మీద చాలాసేపు ఫోన్లో మాట్లాడింది.

వాడు పోయినాక, నువ్వే చెప్పి అనిపించినావా అని అడిగినాను. "మీకు కావలసిన మాట వచ్చింది కదా" అని, ఆరేసిన బట్టలు తీయడానికి పోయింది.

మళ్ళీ ఒకసారి వాణ్ణి పిలవాలి. ఈసారి ఆమెకు ముందుగా చెప్పను.