శుక్రవారం అని చెప్పింది నేనే

ఒక మాట చాలా ఏళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. పెద్ద మాటేం కాదు. ఒక వారం పేరు. దాన్ని మోస్తూనే వంటలు చేశాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, సభల్లో శాలువాలు కప్పించుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు నా పేరు చెప్పను. చెబితే మా అన్న పేరు బయటికొస్తుంది, అప్పుడు తప్పంతా ఆయనదేనని మీరు అనుకుంటారు. ఆ మాట వచ్చింది నా నోట్లోంచి. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

మాది చిల్పూర్ దగ్గర పల్లె. భూములున్న ఇల్లు. అన్న రాజకీయాల్లో తిరిగి తిరిగి పట్నంలో కార్పొరేటర్ అయ్యాడు. మా ఆయన ఉద్యోగం కూడా అక్కడే కాబట్టి నేనూ అన్న వార్డులోనే కాపురం పెట్టాను. పట్నం ఆ వైపు అప్పుడప్పుడే పెరుగుతోంది. జనగామ నుంచి, మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి పనుల కోసం వచ్చినవాళ్లు అక్కడ రేకుల ఇళ్లు వేసుకుని ఉండేవారు. మహబూబాబాద్‌ని మేమంతా మానుకోట అనే అంటాం.

పార్కు కోసం వదిలిన స్థలంలో ఒక మూల వాళ్లే ఇటుకలు మోసి, గోడలు లేపి, పైన రేకులు వేసి ఒక హాలు కట్టుకున్నారు. కాగితాల మీద దానికి ఏదో సాంస్కృతిక సంఘం పేరు. అందరూ మాత్రం పాటలిల్లు అనేవారు. ఆదివారం వస్తే డప్పులు. బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే రోజూ సాయంత్రం ఆడవాళ్ల పాటలు. పాటలు అయ్యాక ఎవరూ వెంటనే లేచేవారు కాదు. రేషన్ కార్డు ఎక్కడ ఆగిందో, పిల్లను బడిలో వేయాలంటే ఎవరిని కలవాలో, నల్లా నీళ్లు ఎందుకు రావట్లేదో అక్కడే మాట్లాడుకునేవారు. ఓట్లప్పుడు ఏ పార్టీ వాళ్లయినా మొదట అక్కడికే వచ్చేవారు. అంతమంది ఒక్కచోట దొరికేది అక్కడే మరి.

చదువుకున్నదాన్ని, పైగా కార్పొరేటర్ చెల్లెల్ని. నన్ను సంఘానికి కార్యదర్శిని చేశారు. నాకు పాట రాదు. పాట వచ్చింది సమ్మక్కకు.

సమ్మక్క పుట్టిల్లు మానుకోట, అత్తగారిది ఘనపూర్. ఇళ్లు కట్టే చోట కూలికి పోయేది. ఆమె గొంతెత్తితే పక్కనున్న పిండి గిర్నీ ఆయన మిషన్ ఆపేసి వినేవాడు. ఆమె తమ్ముడు యాకయ్య ఆటో నడిపేవాడు, పాటలింట్లో డప్పు నేర్పేవాడు. ఆ ఇంటికి ఒక రకంగా ఆ అక్కాతమ్ముళ్లే పెద్దలు. మా ఊళ్లో అయితే ఆమెలాంటి వాళ్లు నన్ను 'పటేలమ్మా' అని దూరంగా నిలబడి పిలిచేవారు. ఇక్కడ సమ్మక్క 'చెల్లె' అనేది. తను తెచ్చుకున్న సర్వపిండి తుంచి నా చేతిలో పెట్టేది. నాకు అది ఎంత ఇష్టంగా ఉండేదో! దాని విలువ నాకు తెలియదని ఎట్లా అనగలను? తెలుసు. తెలిసే చేశాను.

ఆ స్థలం మీద అన్న పార్టీ పెద్దలకు కన్ను పడింది. పాటలిల్లు తీసేసి పెద్ద ఫంక్షన్ హాలు, పైన పార్టీ ఆఫీసు కట్టాలని వాళ్ల ఆలోచన. అన్న చెడ్డవాడు కాదు. ఆ వార్డులో మురికి కాలువలు కట్టించింది ఆయనే, వానాకాలం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి జనాన్ని బయటికి తెచ్చింది ఆయనే. కానీ మళ్లీ టికెట్ కావాలంటే పెద్దల మాట వినాలి. స్థలం ఇచ్చేముందు కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో ఒక రోజు జనం అభ్యంతరాలు వినాలన్నది పద్ధతి. ఆ రోజు ఎవరూ రాకపోతే అభ్యంతరం లేదనే రాసుకుంటారు. పాటలింటి వాళ్లంతా పని మానుకుని వస్తామని అప్పటికే తీర్మానించుకున్నారు. ఏ రోజన్నది ఆఫీసు నుంచి కార్యదర్శికి, అంటే నాకు, చెబుతారు. నేను సమ్మక్కకు చెప్పాలి. ఆమె అందరికీ చెబుతుంది.

బుధవారం అని నాకు కబురొచ్చింది. అన్నకూ తెలిసింది. ఇంటికొచ్చి, చాయ్ తాగుతూ, నా మొహం చూడకుండా అన్నాడు. "ఆళ్లు రాకుంటే మంచిగుంటది. నువ్వు చెప్తే ఇంటరు." అంతే. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. వెళ్తూ వెళ్తూ, పట్నం పండుగల కమిటీలో నా పేరు పెట్టిస్తానన్నాడు.

అన్న కోసం చేశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అన్న టికెట్ పోతే మా ఇల్లంతా ఏమైపోతుందో అని భయపడ్డానని చెప్పుకున్నాను. ఆ భయం ఉన్నమాట నిజమే. కానీ ఫోను తీసేముందు నా కళ్ల ముందు మెదిలింది అన్న మొహమేనా? లేక బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద పెద్ద వేదిక, దాని మీద ముందు వరసలో నాకొక కుర్చీనా? ఇప్పుడు నిజం చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. కుర్చీయే.

ఫోను చేశాను. సమ్మక్క పని దగ్గర ఉంది. వెనక కాంక్రీటు కలిపే మిషన్ గరగర తిరుగుతోంది. శుక్రవారం అని చెప్పాను. "శుక్రారమా? సరే చెల్లె, అందరికి జెప్త" అంది.

బుధవారం సర్కిల్ ఆఫీసుకు ఎవరూ రాలేదు.

శుక్రవారం అందరూ వచ్చారు. ఆడవాళ్లు పండుగకు కట్టుకునే చీరలు కట్టుకొచ్చారు. యాకయ్య డప్పు భుజాన వేసుకుని వచ్చాడు. నేను వెళ్లకపోతే అనుమానం వస్తుందని నేనూ వెళ్లాను. బుధవారమే అయిపోయింది, ఎవరూ రాలేదు కాబట్టి స్థలం ఇచ్చేశాం అని ఆఫీసరు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరూ సమ్మక్క వైపు తిరిగారు. యాకయ్య అరిచాడు.

"శుక్రారమని ఎవ్వలు జెప్పిన్రే నీకు?"

సమ్మక్క నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. ఉంటే ఈ రోజు నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

"చెల్లె, నువ్వు బుధారం అన్నవా? నేనే తప్పు ఇన్ననా?"

నాకు అప్పటికింకా దారి ఉంది. ఒక్క మాటతో ఆగేది. పొరపాటు నాదే అక్కా, తారుమారు చెప్పాను అని అబద్ధంలోనే సగం నిజం చెప్పినా ఆమె బతికిపోయేది. నేను అదీ చేయలేదు.

"బుధవారమనే చెప్పిన అక్కా. మిషన్ సప్పుడుల నీకు సరిగ్గ ఇనపడలేదేమో."

ఆమె తల ఊపింది. నా మాట నమ్మి, తన చెవుల మీద నమ్మకం వదులుకుంది. అందరి ముందూ చేతులు జోడించింది. "తప్పైంది. నాతోనే తప్పైంది" అంది. యాకయ్య ఆమె మొహం కూడా చూడకుండా ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు.

పాటలిల్లు కూలగొట్టడానికి ఒక పూట కూడా పట్టలేదు. ఆ చోట ఫంక్షన్ హాలు లేచింది. నిజం చెప్పాలంటే ఆ హాల్లో మంచి పెళ్లిళ్లే జరిగాయి. కానీ ఆ కాలనీ వాళ్లు మళ్లీ ఒక్కచోట కూర్చున్నది లేదు. తర్వాత రోడ్డు వెడల్పు చేయాలని రేకుల ఇళ్లు తీసేసినప్పుడు, ఎవరికి వారే ఆఫీసు చుట్టూ తిరిగి, ఎవరికి వారే ఖాళీ చేసి పోయారు. పాటలిల్లు ఉండి ఉంటే అందరూ కలిసి అడిగేవారు. అడిగితే ఏమయ్యేదో నాకు తెలియదు. అడిగేవారన్నది మాత్రం తెలుసు. ఇప్పుడు అక్కడన్నీ అపార్టుమెంట్లు. ఆ కాలనీ పేరు కూడా మారింది.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. నేను పండుగల కమిటీలో కూర్చున్నాను. ఏ బృందం పెద్ద వేదిక మీద పాడాలి, ఏ బృందం గల్లీలో పాడాలి, ఎవరిని అసలు పిలవకూడదు అన్నది అక్కడ తేలేది. ఒక్కో నాయకుడు తన వాళ్ల పేర్లు చెప్పి పంపేవాడు. సంఘం, దానికొక చోటు లేనివాళ్లను పరిశీలించకూడదన్నది రూలు. పట్నమంతా చూసే బతుకమ్మలో ఏ ఊరి పాట వినిపించాలో పాట రాని నేను తల ఊపి ఒప్పుకునేదాన్ని. సమ్మక్క పాట ఒక్కసారి కూడా రాలేదు. ఆమెకు చోటు లేకుండా చేసింది నేనే కదా, ఎట్లా వస్తుంది? ఆమె అప్పటికే పట్నం వదిలి ఘనపూర్ వెళ్లిపోయిందని విన్నాను. విని ఊరుకున్నాను. నిజానికి ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఎదురుపడదు కదా అని.

తర్వాతి ఎన్నికల్లో అన్నకు టికెట్ రాలేదు. కమిటీలు మారాయి. మా ఆయన రిటైరయ్యాక మేము జనగామ వచ్చేశాం. బజారులో చిన్న బట్టల దుకాణం పెట్టుకున్నాం.

మొన్న దసరాకు ముందు ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది. చీరలు చూస్తూ చూస్తూ నన్ను గుర్తుపట్టింది. సమ్మక్క కూతురు రజిత. పాటలింట్లో నా ఒడిలో నిద్రపోయిన పిల్ల. ఇప్పుడు జనగామ కోడలు. అమ్మ ఎట్లుందని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఉన్నది చిన్నమ్మా. పాటలు బంద్ జేసింది. ఫోన్ల ఎవ్వరన్న తారీకు జెప్తే మల్ల మల్ల అడుగుతది, నాకు ఇచ్చి నన్ను గూడ ఇనుమంటది. దవాఖానకు తీస్కపోయినం. డాక్టరు చెవులు మంచిగనే ఉన్నయన్నడు. అయినా నమ్మది. యాకయ్య మామ ఇంక అమ్మతోని మాట్లాడ్తలేడు. బతుకమ్మకు తల్లిగారింటికి పిలుస్తలేడు."

నేను ఇన్నేళ్లూ అనుకున్నది ఒక హాలు గురించి. పోయింది హాలు ఒక్కటే అనుకున్నాను. ఒక మనిషి తన చెవుల్ని తాను నమ్మకుండా బతుకుతోందని నాకు తెలియదు. తెలియదా? ఎన్నడైనా తెలుసుకోవాలని చూశానా?

వారం తిరగకముందే ఘనపూర్ వెళ్లాను. సమ్మక్క రోడ్డు పక్కన, ఇంటి ముందు కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను. నేనూ ఆమె ముందు నేల మీదే కూర్చున్నాను. దారి పొడవునా ఏవేవో మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. శుక్రవారం అనే చెప్పాను అక్కా, అన్నాను. అంతే అనగలిగాను.

ఆమె చేతులు తొడిమెలు తీయడం ఆపలేదు. తీస్తూనే అంది.

"గట్లయితే నేను మంచిగనే ఇన్న."

"మంచిగనే ఇన్నవక్కా."

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆమె కొడుకుని పిలిచి నాకు మంచినీళ్లు తెప్పించింది. ఎవరొచ్చినా ఇచ్చే నీళ్లే అవి. నేను తాగాక, "నాకు జెప్తే ఏమొస్తది అమ్మా? మా తమ్మునికి జెప్పు" అంది.

చెల్లె అనలేదు. అమ్మా అంది.

మానుకోట వెళ్లాను. యాకయ్య స్టేషన్ బయట ఆటో పెట్టుకుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూడగానే నవ్వాడు, "ఎప్పుడొచ్చినవక్కా" అని సీటు దులిపాడు. ఆ నవ్వు ముందు చెప్పడం ఘనపూర్‌లో చెప్పడం కన్నా కష్టమైంది. చెప్పాను. అన్న అన్నది, నేను ఆశపడింది, ఫోనులో చెప్పింది, ఆఫీసు ముందు అందరి ఎదుట చెప్పింది. ఏదీ తగ్గించలేదు.

అతను హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఎవరో ప్రయాణికులు వచ్చి అడిగితే రానని చెయ్యి ఊపాడు. అతను ఏమైనా అంటాడని, ఏమన్నా పడాలని అనుకున్నాను.

"మా అక్క నంబరున్నదా నీ దగ్గర?"

రజిత ఇచ్చిన నంబరు చెప్పాను. ఫోనులో ఒక్కో అంకె నొక్కుకున్నాడు. నొక్కి, ఆగి, నా వైపు చూశాడు.

"ఇగ నువ్వు పో."

దిగి స్టేషన్ లోపలికి నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు. అతను ఫోను చేశాడో లేదో నాకు తెలియదు. జనగామ దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చునే వచ్చాను, దారిలో ఏ ఊరు వచ్చిందో గుర్తు లేదు. రజిత మళ్లీ దుకాణానికి రాలేదు. అన్నకు ఇంకా చెప్పలేదు. చెబితే "అయిపోయిన ముచ్చట ఎందుకు" అంటాడని తెలుసు.

నన్ను క్షమించమని ఎవరినీ అడగలేదు. మిమ్మల్నీ అడగను. అడిగే హక్కు నాకు లేదు, ఇచ్చే హక్కు మీకూ లేదు. ఇన్నేళ్లు ఒక నిరపరాధి నెత్తిన ఉన్నదాన్ని తీసి నా నెత్తిన పెట్టుకున్నాను, అంతే. బరువు తగ్గలేదు. కానీ అది నాదేనని ఇప్పుడు నాతో కలిపి ముగ్గురికి తెలుసు. మీతో నలుగురికి. ఈ రోజు పొద్దున మా ఆయన చాయ్ తెచ్చి పక్కన పెట్టి, ఏం రాస్తున్నావని అడిగాడు. కూర్చోండి చెబుతాను అన్నాను.