పులివెందుల దోవలో ఆయన పక్క సీటు

మా ఆయన పేరు ఓబులేసు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు పోయే ప్రైవేటు బస్సును, చేతుల్లో బలం ఉన్నన్నాళ్లు తోలినాడు. ఆ బస్సు అద్దానికి వేసే కనకాంబరాల దండ రోజూ నేనే కట్టి పంపించేదాన్ని. దండ ఎక్కింది గానీ నేను ఒక్కనాడూ ఆ బస్సు ఎక్కలేదు.

ఎక్కనీలేదు. మా పుట్టినిల్లు పులివెందుల. పండగకో పెండ్లికో పోవాలంటే ఆయన బస్సు కదిలి పోయినాక ఎనక వచ్చే బస్సు కోసం మూట పెట్టుకొని నిలబడేదాన్ని. బస్టాండులో అందరూ నవ్వేటోళ్లు. అడిగితే ఆయన చెప్పేది ఒకటే మాట. ఇంటోళ్లు బస్సులో ఉంటే, ఏదన్నా అడ్డమొచ్చినప్పుడు తోలేవాని పానం ముందు వాళ్ల మీదికే పోతాదంట. అంతమందిని నమ్మించి ఎక్కించుకొని అట్ల చేయగూడదంట. పాత డ్రైవర్లలో శానామందికి ఈ పట్టింపు ఉండేది. నాకు మాత్రం అది ఒట్టి సాకు అనిపించేది. పెండ్లాము కండ్ల ముందర ఉంటే సోకు సాగదని చెప్పుకోలేక చెప్పే మాట అనుకునేదాన్ని.

ఆయన స్టీరింగు వదిలి ఇంట్లో కూర్చున్నాక మాకు పని తక్కువ, పొద్దు ఎక్కువ. పొద్దున కాఫీ, రెండు మాటలు, బీడీ మీద ఒక పోట్లాట, మధ్యాన్నం కునుకు, సాయంకాలం మిద్దె మీద గాలి. ఈ బతుకు నాకు బాగానే ఉంది. అయినా లోపల ఒక కోరిక అట్లే ఉండిపోయింది. ఆ దోవలో, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, ఆయన నా పక్కన కూర్చోవాల. ఇప్పుడు ఆడోళ్లకు పల్లెవెలుగు బస్సులో టికెట్టు లేదు కాబట్టి ఖర్చు అనే సాకు కూడా పోయింది. కార్తీకంలో ఎండ తగ్గినాక ఒకరోజు గట్టిగా అడిగినాను. ఎనక సీట్లో కూర్చుంటే తల తిరుగుతాదని ఆయన సణిగినాడు. తిరిగితే నా మీద పడు అన్నాను.

పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండు చేరినాము. నేను అక్షరాలు నేర్చింది తల నెరిసినాక. ముందు ఏ బస్సు యాడికి పోతాదో పక్కనోళ్లను అడిగి ఎక్కేదాన్ని. ఇప్పుడు జమ్మలమడుగు బోర్డు నేనే చదివి, ఇదే మన బస్సు అని చెప్పినాను. బోర్డు చూడకుండా బస్సు శబ్దం విని ఆయన కూడా అదే చెప్పినాడు. మీరెవరన్నా ఈ దోవలో పోతే ఎడమ పక్క కిటికీ పట్టండి, పొద్దున ఎండ తగలదు.

కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్టు చించి ఇచ్చినాడు. మా ఆయన దగ్గర దుడ్లు తీసుకున్నాడు. ఇన్నేండ్లు ఊరందర్నీ మోసినోడు దుడ్లిచ్చి కూర్చుంటాండు, నేను ఉత్తగా కూర్చున్నానని అంటే, ముందర సీటు ముసలాయన కూడా తిరిగి నవ్వినాడు.

ఊరు దాటినాక పెన్న వచ్చింది. నీళ్లు ఒక పక్కగా సన్నంగా పారుతున్నాయి. మిగతాదంతా ఇసుక, దాని మీద మంచు పొగ. ఆ పొగలో ఎవరో నడిచిపోతాంటే కాళ్లు కనపడలేదు, మనిషి తేలిపోతున్నట్లు ఉంది. చూడు మామా అని చెయ్యి పెడితే పక్కన సీటు ఖాళీ.

ఆయన లేచి డ్రైవరు పక్కకు పోయినాడు. ఆ డ్రైవరు ఈయనను ఎరిగినోడంట, అద్దంలో చూసి రాప్పా అని పిలిచినాడంట. ఇంక ఇద్దరికీ ఇంజను మాటలు. పెన్న చూసి రెండు మైళ్లు కూడా పోలేదు, నా కోరిక లేచి ముందరికి పోయి కూర్చుంది.

ఖాళీ సీట్లో ఒక తురక ఆడామె వచ్చి కూర్చుంది. పేరు షంషాద్, జమ్మలమడుగులో కూతురింటికి పోతాంది. మొగం అట్ల పెట్టుకున్నావేందక్కా అని అడిగింది. కడుపులో ఉన్నది చెప్పినాను. ఆమె మొగుడు కువైట్‌లో ఒక షేకు ఇంట్లో కారు తోలుతాడంట, రెండేండ్లకు ఒకసారి వస్తాడంట.

"నీ మొగుడు నాలుగు సీట్ల అవతల ఉండాడు, నావోడు సముద్రం అవతల ఉండాడు. పిలువక్కా, పలుకుతాడు," అనింది.

నేను పిలవలేదు. పిలిస్తే వచ్చేది వేరు, తనంతట తాను వచ్చేది వేరు. కిటికీలోకి చూస్తా కూర్చున్నాను. నల్లరేగడి చేన్లలో బుడ్డశనగ అప్పుడే మొలిచి ఉంది. నేల నలుపు, మొలక పసుప్పచ్చ, ఆకాశానికి ఇంకా రంగు రాలేదు. బస్సు ఊగతాంటే ఎవరో ఉయ్యాల ఊపినట్లు కండ్లు మూతలు పడినాయి. ముందర నుంచి ఆయన గొంతు వినపడతానే ఉంది, మాటలు మాత్రం తెలియలేదు.

ఏడున్నరకు జమ్మలమడుగు. షంషాద్ దిగిపోతా ఆయన్ను ఎగాదిగా చూసి పోయింది. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాము. బొరుగులు మెత్తగా నానినాయి, పప్పుల పొడి కమ్మగా ఉంది. బజ్జీ కారం నషాళానికి అంటింది. ఆ కారంలోనే నేను అనాల్సిందంతా అన్నాను. ఇంజను పక్కన కూర్చునేదానికైతే నన్నెందుకు పిలుచుకొచ్చినావన్నాను. పిలుచుకొచ్చింది నువ్వే కదా అన్నాడు. అదీ నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

పులివెందుల బస్సుకు ఇంకా పొద్దు ఉంది కాబట్టి ఆటోలో మైలవరం డ్యాము కాడికి పోయినాము. ఆటోను నిండనిచ్చి కదిలిస్తారు, తొందర పడేటోళ్లు పోవద్దు. కట్ట ఎక్కి చూస్తే నీళ్లు కన్ను ఆనినంత దూరం ఉన్నాయి. గాలి లేదు. అవతలి కొండలు నీళ్లలో తలకిందులుగా నిలబడినాయి. గుండ్రటి పుట్టి పడవ వేసుకొని ఒకాయన వల తీస్తాన్నాడు. ఆ పుట్టి నీళ్ల మీద ఉందో ఆకాశం మీద ఉందో చెప్పడం కష్టం. కట్ట కింద వేయించిన చేపలు అమ్ముతారు, అరిటాకు ముక్కలో ఇస్తారు. ముండ్లు తీసి నాకు పెట్టినాడు ఆయన. బస్సులో లేనప్పుడు మంచి మనిషే.

అక్కడ కట్ట మీద కూర్చొని ఎంతసేపు ఉన్నామో చెప్పలేను. ఒక తెల్ల కొంగ ఎగిరి, నీళ్లలో ఉన్న తన కొంగను వెంట తీసుకొని పోయింది. ఇట్లనే పొద్దు గడిచిపోతే బాగుండు అనిపించింది. అప్పుడు ఆయన నీళ్ల వైపే చూస్తా, ముందర కూర్చోకపోతే కాళ్లకు ఏం చేయాలో తెలియదు మే అన్నాడు. అది నాకు పెద్ద మాట. కాళ్ల సంగతి నేను చూసుకుంటాలే, నువ్వు కూర్చో అన్నాను.

పదకొండు గంటలకు జమ్మలమడుగులో పులివెందుల బస్సు దొరికింది. ఈసారి డ్రైవరు ఎరగనోడు. మా ఆయన నన్ను కిటికీ పక్కకు తోసి తాను ఇవతల కూర్చున్నాడు. ముద్దనూరుకు పోయే దోవలో కొండ గట్టు ఎక్కాల. మలుపులు మొదలైనాయి. ఆయన కుడికాలు బ్రేకు ఉన్నట్లే నేలను తొక్కుతానే ఉంది. మలుపుకు ముందే మలుపు చెప్పినాడు. ఈడ వానకాలంలో రాళ్లు జారతాయి, ఆడ ఒకసారి పెండ్లి లారీ ఆగిపోతే అందర్నీ ఎక్కించుకున్నా, ఈ చింతచెట్టు కింద రేడియేటరుకు నీళ్లు పోసేవాణ్ణి. ఎదురుగా బస్సు వస్తే వాళ్ల డ్రైవరూ మా డ్రైవరూ చెయ్యి ఎత్తుకున్నారు. మా ఆయన కూడా ఎత్తినాడు. అంత ఎనక కూర్చున్నోని చెయ్యి వానికేం కనపడతాది. ఎత్తినాక ఆయనకే తెలిసి, ఆ చేత్తో తల గోక్కున్నాడు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను.

ఎన్నోసార్లు పోయిన దోవే. అయినా ఆ రోజు నాకు కొత్త దోవ. ఆయన నోటినుంచి వచ్చిన పాత వానలు, పాత పెండ్లిండ్లు, ఎప్పుడో దిగిపోయిన మనుషులు, అందరూ ఆ ఎండలో గట్టు మీద మళ్లీ నిలబడినట్లు కనపడినారు. ఇంటికాడ నేను పొయ్యి ఊదుకుంటా ఉన్నప్పుడు ఆయన ఇంత లోకంలో తిరిగినాడా అనుకున్నాను.

ముద్దనూరు దాటి, తొండూరు దగ్గరికి వచ్చేసరికి దోవ చదునైంది. ఒక మలుపులో చేన్లోనుంచి గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డు మీదికి దిగింది. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కినాడు. బస్సు ముందుకు వంగింది. పైన మూటలు కిందికి వచ్చినాయి. నేను ముందర సీటు కమ్మీకి తగలాల్సింది, తగలలేదు. ఆయన చెయ్యి నా రొమ్ముకు అడ్డంగా ఇనప కడ్డీ మాదిరి బిగిసి ఉంది.

బస్సు నిలబడింది. గొర్రెలు అరుచుకుంటా పోతాన్నాయి. గొర్రెలాయన డ్రైవర్ను తిడతాండు, డ్రైవరు గొర్రెలాయనను తిడతాండు. మా ఆయన కదలలేదు. తన కాలు వైపు చూసుకున్నాడు. గట్టు పొడుగునా నేలను తొక్కిన కాలు అప్పుడు సీటు కింద ముడుచుకొని ఉంది. చెయ్యి మాత్రమే నా మీదికి పోయింది. ఆ చేతిని నా మీదినుంచి మెల్లగా తీసుకొని అన్నాడు.

"చూస్తివా. ఇందుకే నిన్ను ఎక్కించుకోలా."

ఇన్నేండ్లు సాకు అనుకున్నది సాకు కాదు. అప్పటినుంచి పులివెందుల వచ్చేదాకా ఆయన కాలు నేలను తొక్కలేదు.

మధ్యాన్నం ఒంటిగంటకు దిగినాము. పులివెందులలో మాకు ఏం పని అంటే పనేం లేదు. మా అమ్మానాయన ఉన్న ఇల్లు ఇప్పుడు ఎవరిదో, ఆ సందులోకి పోయి గోడ రంగు చూసి వచ్చినాము. హోటల్లో రాగిసంగటి, నంజుకోను ఊరిబిండి, మీద నెయ్యి. సంగటి వేడిగా ఉన్నప్పుడే తినండి, ఆరితే గట్టిపడుతుంది. తిన్నాక బస్టాండు పక్కన టీ అంగడికి తీసుకుపోయినాడు. ఆయన ట్రిప్పు తిప్పుకునే ముందు రోజూ టీ తాగిన అంగడి అది. అంగడాయన ఈయనను చూసి కావలించుకున్నంత పని చేసి, నన్ను చూసి ఈమె ఎవరని అడిగినాడు. పెండ్లాము అని తెలిసినాక గ్లాసు పట్టుకొని అట్లే నిలబడినాడు.

"నీకు సంసారం ఉండాదా ఓబులేసన్నా? బస్సునే పెండ్లి చేసుకున్యావనుకున్యా."

"ఉండాది. ఇన్నాళ్లకు పిలుచుకొచ్చినా," అన్నాడు మా ఆయన. టీ దుడ్లు అంగడాయన తీసుకోలేదు. నాకు ఇంకో గ్లాసు పోసినాడు. చక్కెర ఎక్కువే గానీ తాగినాను.

మూడున్నరకు తిరుగు బస్సు. ఇది ముద్దనూరు నుంచి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు పోతాది. చీనీ తోటలు, అరటి తోటలు ఎనక్కు పోయినాయి. డ్రైవరు ఎనక మొదటి సీటు ఖాళీగా ఉంది. పెద్దాయన గదా అని కండక్టరు మా ఆయనను పిలిచి చూపించినాడు. ఆయన ఆ సీటు వైపు చూసినాడు. నేను కిటికీలోకి చూసినాను. నోరు తెరవకూడదని పండ్లు బిగించుకున్నాను.

"ఈడ బాగుండాదిలేప్పా," అన్నాడు.

ఎర్రగుంట్ల కాడ సిమెంటు లారీలు అడ్డం. దుమ్ములో పొద్దు కుంకుతా ఉంటే రోడ్డంతా పసుపు చల్లినట్లు అయ్యింది. లారీలు, మనుషులు, చెట్లు అన్నీ ఒకే రంగు. మా బస్సు అందులో తేలుకుంటా పోయింది. మా ఆయన మాట్లాడతా మాట్లాడతా సగం మాటలో ఆపినాడు. తల ఒకసారి ముందర సీటు కమ్మీ వైపు, ఒకసారి నా వైపు ఊగి, చివరికి నా భుజం మీద నిలబడింది. ఇంట్లో ఈ మనిషి నిద్ర నాకు కొత్త కాదు. బస్సులో ఈయన నిద్రపోవడం మాత్రం నేను గాదు, ఎవరూ చూసి ఉండరు. చేతులు రెండూ ఒళ్లో తెరుచుకొని పడి ఉన్నాయి.

ఊర్లోకి వస్తానే మా వీధి మొగదల స్టాపు ఉంది. కండక్టరు అడిగినాడు. చెయ్యి ఊపి పోనీమన్నాను. భుజం తిమ్మిరి పట్టింది. మా వీధి, మా మిద్దె, దీపం లేని మా కిటికీ, అన్నీ పక్కనుంచి పోయినాయి.

బస్టాండులో అందరూ దిగినారు. డ్రైవరు ఇంజను ఆపి దిగి పోయినాడు. ఆ శబ్దం ఆగినాక ఆయన ఉలిక్కిపడి లేచినాడు. ముందుకు చూసినాడు. స్టీరింగు వెనక ఎవరూ లేరు.

"బస్సు ఎవురు తోలినారు మే?" అన్నాడు.

"ఎవురో తోలినార్లే మామా. నువ్వు నా పక్కన ఉండావు," అన్నాను.

పోవాలనుకునేటోళ్లకు నేను చెప్పేది ఇంతే. పొద్దున పోతే దీపాలు పెట్టే యాళకు తిరిగి రావచ్చు. మైలవరం నీళ్లు వానలు పోయినాక బాగుంటాయి. తోడు పిలుచుకొని పోండి. మేమైతే వెంటనే దిగలేదు. దీపాలు ఆర్పిన ఆ బస్సులో ఇంకాసేపు అట్లే కూర్చున్నాము.